కామాక్షి మీది సర్విచెట్టు

జువ్వలదిన్నెకు దక్షిణాన ఇసుకదిబ్బల్లోనే చెంచయ్య పల్లెవాళ్లు తమ వాళ్లను పూడ్చుకునేవాళ్లు. ఏ గుర్తు పెట్టినా గాలి మింగేస్తుంది. అయినా తన కూతురు కామాక్షి ఎక్కడుందో చెంచయ్యకు తెలుసు. యాభై ఎనిమిదిలో ఆ దిబ్బల మీద సర్వితోపు, అంటే సరుగుడు తోట, వేయిస్తుంటే చెంచయ్య కూలికి కుదిరాడు. తాడు పట్టి వరసలు గీస్తే, ఒక గుంత సరిగ్గా పిల్ల మీదే పడింది.

"రెండు మూరలు జరపండి సారూ," అని తోపు గార్డు పరంజ్యోతిని బతిమాలాడు.

"వరస చెడితే నా ఉద్యోగం పోద్ది చెంచన్నా."

నీళ్లు పోయకుండా ఎండగడదామనుకున్నాడు. కానీ ఎండిన మొక్కనల్లా పీకి, గడ్డపారతో మళ్లీ లోతుగా తవ్వి కొత్తది పెట్టిస్తున్నారు. పిల్లకు ఆ గడ్డపార తగలకూడదంటే మొక్క బతకాల్సిందే. ఇసుకలో తవ్విన నీటిగుంట, దొరువులోంచి కుండలతో నీళ్లు మోసి, అన్నిటికంటే ముందు దానికే పోశాడు.

"బిడ్డ గుండెల మీద చెట్టును మేపతా ఉండావే, నీ చేతులు పడిపోను!" అంది భార్య పేరమ్మ. ఆ తర్వాత అన్నం పెట్టేది గానీ మాట్లాడేది కాదు.

చెట్టు మనిషెత్తు దాటాక, ఒక మధ్యాహ్నం దాని నీడలో పరంజ్యోతి చుట్ట కాలుస్తూ చెప్పాడు. "ఇంగ్లీషులో దీని పేరు కాజురినా. మలయావాళ్ల భాషలో కసువారి అంటే ఒక పెద్ద పక్షి అంట. దాని ఈకలు ఇట్లానే వేలాడతాయంట. అది చూసి తెల్లోళ్లు లాటిన్లో చెట్టుకు పేరు కట్టినారు. ఇంగ్లీషోళ్లు దాన్నే పట్టుకున్నారు."

"ఎగరతాదా?"

"ఎగరలేదన్నా. నేల మీదే పరుగు."

"పేరు పెట్టేదానికి ఎగిరేదే దొరకలేదా వాళ్లకు!" చెంచయ్య కొమ్మను వేళ్లతో దువ్వి చూశాడు. ఈకలాగే ఉంది. "మనోళ్లు ఏం చూసి సర్వి అన్నారో?"

"నాకు తెలీదన్నా. నేను చదివిన దాంట్లో అది లేదు."

అరవై ఆరులో తోపు కొట్టించారు. వేళ్లు కూడా వంటచెరకే కాబట్టి కాంట్రాక్టరు మనుషులు మోళ్లు పెకలిస్తూ వచ్చారు. చెంచయ్య అడ్డం నిలబడ్డాడు. "ఈ ఒక్కటీ నాకొదలండయ్యా. నేనే తవ్వుతా."

గడ్డపార ముట్టలేదు. బోర్లా పడుకుని చేతులతోనే ఇసుక తోడాడు. మూరెడు లోతున వేళ్లు ఒకదాన్నొకటి పెనవేసుకుని కిందికి, ఇంకా కిందికి పోతున్నాయి. ఎక్కడిదాకా పోయాయో తలపుకు రాగానే చెయ్యి ఆగిపోయింది. కత్తితో అక్కడికక్కడే వేళ్లు కోసి మోడు పైకి లాగాడు.

కురచగా తెగిన వేళ్లను పరంజ్యోతి చూశాడు. "బండికెత్తండి," అన్నాడు మనుషులతో. తర్వాత ఎటో చూస్తూ, "వానలకు మళ్లీ మొక్కలొస్తాయి చెంచన్నా. వరస ఇదే."

చెంచయ్య గుంట మీంచి లేవలేదు. ఇసుక జారి అతని మోచేతుల దాకా కప్పేస్తోంది.

"నీళ్లకు నన్నే పిలవండి సారూ," అన్నాడు.