డ్రమ్మరు కొలతలు

ఆ వీధిలో అందరూ ఆయన్ను కోటీశ్వరుడనేవారు. ఆస్తి చూసి కాదు లెండి, ఆయన కుట్టేది కోట్లే కాబట్టి. చొక్కా ఎవరైనా కుడతారు, కోటు కుట్టాలంటే మనిషి తెలియాలి అనేవాడు. మెట్ల కింద ఇరుకు గది, ఒక కుట్టుమిషను, నిలువుటద్దం, కోతబల్ల, గోడకు వరసగా కొక్కేలు. ముప్ఫయ్యేళ్లుగా ఒక పేరున్న గాయకుడి బ్యాండుకు కోట్లన్నీ ఆ గదిలోంచే వెళ్లాయి.

ఆ పని ఇప్పించింది బావ, అంటే అక్క మొగుడు. ఆ బ్యాండులో డ్రమ్ములు వాయించేవాడు. గాయకుడు మొదటిసారి పెద్ద వేదిక ఎక్కిన రోజు నుంచీ వెనక కూర్చున్నది ఆయనే. చుట్టూ ఎంతమంది మారినా ఆయన మాత్రం కదల్లేదు.

బ్యాండు కోటంటే పైకి అందరికీ ఒకే మెరూన్ రంగు, ఒకే కాలరు. లోపల మాత్రం ఎవరి లెక్క వాళ్లది. వయొలిన్ ఆయనకు ఎడమ భుజంలో ప్యాడు పెట్టకూడదు, వాయిద్యం జారుతుంది. గిటారు ఆయనకు బెల్టు రాసుకునే చోట రెండో పొర వేయాలి. ట్రంపెట్ ఆయన ఊపిరి పీలిస్తే గుండీ ఎగిరిపోకుండా ఛాతీ దగ్గర వదలాలి. డ్రమ్మరుకు చంకల దగ్గర బాగా వదులుండాలి, లేకపోతే రెండో పాటకే కుట్లు పిగులుతాయి. కళ్లు మూసుకుని చేత్తో తడిమినా, ఏ కోటువాడు ఏం వాయిస్తాడో మనవాడు చెప్పేయగలడు.

గాయకుడు మంచివాడే. మరీ మంచివాడు కావడమే వచ్చిన చిక్కు. ఎవరినీ పొమ్మనడానికి నోరు రాదు. ఆ పాపమంతా మేనేజరుది. ఏ కచేరీలోనూ కుర్చీ ఖాళీగా ఉండకూడదని, ముందు కొత్తవాణ్ణి కుదుర్చుకుని, కోటు కుట్టించి, అది చేతికొచ్చాకే పాతవాడికి కబురు చెప్పేవాడు. కాబట్టి ఎవరి కాళ్ల కిందకి నీళ్లొచ్చాయో అందరికంటే ముందు తెలిసేది టైలరుకే. ఆ సంగతి గుమ్మం దాటకూడదన్నది మేనేజరు షరతు.

వయొలిన్లు ముగ్గురు మారారు, గిటార్లు నలుగురు, ట్రంపెట్లు ఇద్దరు. పోబోయేవాడు దుకాణంలో కూర్చుని టీ తాగుతూ వచ్చే ఏడాది ప్రయాణాల గురించి చెబుతుంటే, అతని తర్వాతివాడి కోటు తలపైనే కొక్కేనికి వేలాడుతుండేది. మనవాడు నోట్లో గుండుసూదులు పెట్టుకుని ఊఁ కొట్టేవాడు. రోగి సంగతి డాక్టరు బయటపెడతాడా అని తనకు తానే సర్దిచెప్పుకునేవాడు. నిజానికి అందరికంటే ముందు తనకే తెలుస్తుందన్న కులాసా కూడా కొంచెం ఉండేది. తన దాకా వస్తే గానీ ఎవరికీ తెలిసిరాదు.

ఒక సోమవారం మేనేజరు ఒక మనిషిని వెంటబెట్టుకొచ్చాడు. అచ్చం బావంత ఒడ్డూ పొడుగూ, వయసు మాత్రం సగం. కొలతలు తీస్తుంటే అతను రెండు చేతులూ గాల్లో ఆడించి చూపించి, చంకల దగ్గర బాగా వదలమన్నాడు. బ్యాండులో డ్రమ్మరు ఒక్కడే. టైలరుకు టేపు మీద అంకెలు కనపడలేదు. మేనేజరు అద్దంలో జుట్టు దువ్వుకున్నాడు. వెళ్తూ వెళ్తూ షరతు మాత్రం మరిచిపోకుండా గుర్తుచేశాడు.

గురువారం మధ్యాహ్నం బావ వచ్చాడు. ఒక స్కూల్లో సంగీతం మాస్టారి ఉద్యోగం ఇస్తామన్నారట, శనివారంలోగా అవునో కాదో చెప్పాలట. మోకాళ్లు నొప్పెడుతున్నాయి, అక్క చేరమనే అంటోంది, ఆయనకేమో బ్యాండు వదలబుద్ధి కావడం లేదు. బల్ల మీద కచ్చా కుట్లు వేసిన మెరూన్ కోటు పరిచి ఉంది. బావ దాని మీద చెయ్యి వేసి అడిగాడు.

"నువ్వు చెప్పరా. వెళ్లిపోనా, ఉండనా?"

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే బావ తిన్నగా వెళ్లి గాయకుణ్ణి నిలదీస్తాడు. ఇక మేనేజరు ఈ గుమ్మం తొక్కడు. ఇన్నేళ్ల పని పోతుంది. టైలరు భయపడ్డాడు, భయపడి నవ్వాడు.

"నువ్వు లేకపోతే ఆ బ్యాండెక్కడిది బావా."

బావ ముఖం విప్పారింది. శనివారం స్కూలుకెళ్లి చేరలేనని చెప్పొచ్చాడు. ఆ మరుసటి బుధవారం మేనేజరు బావకు ఫోన్ చేసి, ఇక బ్యాండుకు రావద్దన్నాడు. బావ వచ్చి ఆ సంగతి చెబుతుంటే టైలరు దొంగకు తేలు కుట్టినట్టు కూర్చుండిపోయాడు.

స్కూలువాళ్లు అప్పటికే ఇంకొకర్ని పెట్టుకున్నారు. బావ కొన్నాళ్లు ఇంట్లోనే పిల్లలకు నేర్పాడు గానీ, పైవాటా వాళ్లు ఆ మోత భరించలేమని పోట్లాటకొస్తే అదీ మానేశాడు. డ్రమ్ముల మీద దుప్పటి కప్పేశాడు. మనిషి మాట్లాడడమే తగ్గించేశాడని అక్క ఫోన్లో చెప్పినప్పుడల్లా, టైలరు ఆ కోటు కుట్టిన చేతుల్ని తిట్టుకునేవాడు. తిట్టుకోవాల్సింది నోటినని ఆయనకూ తెలుసు.

ఆరేళ్లకు గాయకుడు పాడడం మానేస్తున్నానని ప్రకటించి, ఆఖరి కచేరీకి పాతవాళ్లందరినీ పిలిచాడు. తమ పాత కోట్లు వేసుకుని ముందు వరసలో కూర్చోవాలట. దాంతో ముప్ఫయ్యేళ్ల బ్యాండంతా ఒక్క వారంలో ఆ మెట్ల కింద గదికి దిగింది. ఒకాయనకు పొట్ట వచ్చింది, ఇంకొకాయన చిక్కి సగమయ్యాడు. తమ కుర్చీలో తర్వాత ఎవరు కూర్చున్నారో తొలిసారి ఒకరినొకరు చూసుకుని, వేళాకోళమాడుకుని, కోట్లు అప్పగించి వెళ్లారు. అందరికంటే చివర బావ వచ్చాడు.

అటు తిరిగి నిలబడ్డ బావ భుజాల మీద టైలరు టేపు పెట్టాడు. ఒకటిన్నర అంగుళాలు తగ్గాయి. ముఖం కనపడకపోవడం వల్ల ధైర్యం వచ్చిందేమో, అప్పుడు చెప్పేశాడు. ఆ రోజు తనకంతా తెలుసని, పని పోతుందని దాచానని, క్షమించమనడానికి కూడా ముఖం చెల్లడం లేదని చెప్పాడు.

బావ ఇటు తిరగలేదు.

"బల్ల మీద కోటు నేనూ చూశాను కదరా. చంకల దగ్గర కోత చూడగానే డ్రమ్మరుదని తెలిసిపోయింది."

"తెలిసి కూడా మరి..."

"నన్ను తీసేస్తుంటే నువ్వు చెప్పకుండా ఉంటావా? ఆ కోటు గురించి నువ్వేమీ అనకపోయేసరికి అది నాకే అనుకున్నా. ఇంటికెళ్లి మీ అక్కతో కూడా చెప్పాను, నీ తమ్ముడు నాకు తెలీకుండా కొత్త కోటు కుడుతున్నాడని."

టైలరు టేపు చుట్టడం మొదలుపెట్టాడు. అంటే తను దాచిన సంగతి అక్కకూ తెలుసు. ఈ ఆరేళ్లలో ఆ కోటేమైందని ఆమె ఒక్కసారి కూడా అడగలేదు.