పదకొండు డబ్బీలు

మిర్యాలగూడ శివారులోని ఆ రైస్ మిల్లులో జానమ్మ మాటకున్న విలువ మేస్త్రీ అరుపుకు కూడా లేదు. ఆశా కార్యకర్తగా ఆమెకు పదమూడేళ్లు. ఎవరైనా బొమ్మల చార్టు పట్టుకొచ్చి పాఠం చెబుతుంటే ఆమెకు ఒళ్లు మండేది. పొద్దంతా ఊకలో బతికే ఆడవాళ్లకు మళ్లీ ఊకదంపుడు ఉపన్యాసాలెందుకని ఆమె వాదన. అందుకే మధ్యాహ్నం మిల్లు రేకుల షెడ్డు కింద వాళ్లతో పాటు తనూ సద్ది విప్పేది. బాధేమిటో వాళ్లతోనే చెప్పించేది, ఏం చేయాలో వాళ్లనే తేల్చమనేది. నిరుడు తాగే నీళ్ల డ్రమ్ములో పురుగులు తేలితే, మిల్లులో ఊడ్చే ఆ పదకొండు మందీ చీపుర్లు కింద పడేసి కూర్చున్నారు. సాయంత్రానికల్లా కొత్త డ్రమ్ము వచ్చింది.

"ఒక్కదాన్ని అంటే పదకొండు మందిని అన్నట్టే. యాదుంచుకోండ్రి," అంది జానమ్మ ఆ రోజు. వాళ్లు బడి ముఖం చూసినవాళ్లు కాదు గానీ ఆ పాఠం మాత్రం పొల్లుపోకుండా నేర్చుకున్నారు.

యాసంగి వడ్లు మిల్లుకు చేరే రోజుల్లో నాగరాణికి దగ్గు పట్టుకుంది. ఇరవై మూడేళ్ల పిల్ల, చంకలో ఆరు నెలల పాప. పొద్దుగూకేసరికి ఒళ్లు కాలుతోంది, జాకెట్టు వదులైపోయింది. దుమ్ము దగ్గేలెమ్మని అందరూ అన్నారు. జానమ్మ మాత్రం అనలేకపోయింది. ఆమె అన్న వెంకటయ్య టీబీతోనే పోయాడు. ఆ దగ్గు చప్పుడు ఎట్లా ఉంటుందో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

తెమడ పరీక్షకు నాగరాణి ఒక్కదానికే డబ్బీ ఇస్తే వేలు పెట్టి చూపినట్టవుతుంది. అందుకని పదకొండు మందికీ ఇచ్చింది. మర్నాడు పదకొండు డబ్బీలూ తిరిగొచ్చాయి. ఒక్కరూ వంక చెప్పలేదు, ముఖం చిట్లించలేదు. పదమూడేళ్లలో ఇంత తేలిగ్గా ఏ పనీ జరగలేదు. అప్పుడే అనుమానించాల్సింది. మనిషి కదా, మురిసిపోయింది.

నాలుగో రోజు అందరికీ ఏమీ లేదని ఫలితం వచ్చింది. ఆ మాట చెప్పడానికి జానమ్మ పరుగున నాగరాణి గదికి పోయింది. పాలు తాగుతున్న పాప రొమ్ము వదిలేసి దగ్గుతోంది. ఆపకుండా దగ్గుతోంది.  జానమ్మ అటునుంచటే దవాఖానకు పోయి, పరీక్షలు చేసే శివకుమార్‌ను పట్టుకుంది.

"మిషన్ల ఏం రాలేదక్కా," అన్నాడతను. "గని నాకొకటి సమజైతలేదు. అన్ని డబ్బీలల్ల ఆకువక్క ఎరుపే ఉన్నది. మీ మిల్లుల అందరు ఆకు నములుతరా?"

ఆ పదకొండు మందిలో నమిలేది సుక్కి ఒక్కతే. జానమ్మ నేరుగా ఆమె దగ్గరికి పోయింది.

సుక్కి గుండ్రాయి లాంటి మనిషి, యాభై దాటినా జ్వరమని ఒక్కనాడు పడుకోలేదు. అడిగితే దాచలేదు కూడా.

"అవునక్కా, నేనే నింపిన. రోగం తేలినోళ్లు గేటు తొక్కొద్దన్నడు మేస్త్రీ జవహర్. నాగరాణి మొగడు పత్తా లేకుండ పాయె. పని పోతే అది ఏం తినాలె? అందరం ఒక్క మాట మీద ఉన్నం. నువ్వే గద నేర్పినవ్?"

"నోర్ముయ్యవే! గోలీలు పడితే బతికేటి పిల్లను మీరే సంపుతున్నరు! తల్లినీ బిడ్డనూ!"

జానమ్మ గొంతు పెంచడం అదే మొదలు. కోపం వచ్చింది, భయం వేసింది. ఆ రెండింటి అడుగున, వీళ్లను ఇంత గట్టిగా కట్టింది నేనే కదా అని కాస్త గర్వం కూడా మెదిలింది. అందుకు తన మీద తనకే అసహ్యం పుట్టింది. మేస్త్రీని నిలదీస్తే అతను పళ్లికిలించాడు. "నేనెందుకంటనక్కా గట్ల? గిట్టనోళ్ల మాటలు."

మర్నాడు నాగరాణి పనికి రాలేదు. గదికి తాళం ఉంది. ఆడవాళ్లంతా కలిసి పొద్దున్నే తల్లీబిడ్డలను కోదాడ బస్సెక్కించారని కాపలాదారు వీరేశం చెప్పాడు. ఎక్కడికి పంపారని జానమ్మ పది మందినీ పేరుపేరునా అడిగింది. పది మందీ ఆమె కళ్లలోకే చూస్తూ, "తెల్వదక్కా," అన్నారు.

మూడు నెలల పాటు ప్రతి ఆదివారం జానమ్మ చర్చి ప్రార్థన మానుకుని కోదాడ బస్సెక్కింది. ప్రతి మిల్లు గేటు దగ్గరా రేకుల షెడ్డు కింద ఆడవాళ్లు సద్ది తింటూ కనిపించేవాళ్లు. పేరు చెప్పి అడిగితే చేతిలో ముద్ద ఆపి ఒకరి ముఖాలొకరు చూసుకునేవాళ్లు. "అట్లాంటి పేరు గల వాళ్లు ఇక్కడెవరూ లేరండీ," అనేవాళ్లు. ఆ ముద్ద ఆగడంలోనే ఆమెకు సగం తెలిసిపోయేది. మిగతా సగం ఎవరూ చెప్పలేదు.

చివరికి మళ్లీ తన మిల్లుకే వచ్చి, పాత చోటనే కూర్చుని, సంచిలోంచి డబ్బీలు తీసింది. "ఎవరి పేరూ బయటికి పోనియ్య. పని పోతే మేస్త్రీ ముందట నేను కూసుంట. ఈసారన్న ఎవరిది వాళ్లు ఇయ్యుండ్రి," అని బతిమాలింది. ఒక్క చెయ్యీ ముందుకు రాలేదు.

అప్పుడు సుక్కి అటు తిరిగి నోట్లో కొంగు కుక్కుకుంది. వీపు ఎగిరెగిరి పడింది. ఎంత కుక్కినా దగ్గు చప్పుడు ఆగలేదు. అన్న వెంకటయ్య గుండెలోంచి వచ్చిన చప్పుడే అది. జానమ్మ లేవబోయింది. అంతలో మిగతా తొమ్మిది మందీ ఒక్కసారిగా, ఎండ గురించీ కూరల ధర గురించీ, గట్టిగట్టిగా మాట్లాడటం మొదలుపెట్టారు.