తిన్న లాయరు, తినని లాయరమ్మ

మంగ్లును కోర్టుకు ఈడ్చింది అతని పందుల దొడ్డి తలుపు.

హుకుంపేట దగ్గర కొండవాలులో అల్లం, వలిసె నూనెగింజలు పండించుకునే మనిషి. ఓ ఉదయం చేలోకి వెళితే నట్టనడుమ రేకు బోర్డు పాతి ఉంది, 'రిసార్టుకు దారి' అని. తన చేలో మొలిచింది తనదే కదా అని పీకి తెచ్చి, దొడ్డికి తలుపుగా బిగించాడు. రిసార్టు యజమాని లక్ష్మీప్రసాద్ మైదానం నుంచి వచ్చిన వ్యాపారి. అడగకుండా ఒకరి చేలో బోర్డు పాతితే వ్యాపారం, దాన్ని పీకితే దొంగతనం. ఇదీ ఆయన చదివిన న్యాయశాస్త్రం. కేసు పెట్టాడు.

"నిన్ను జైల్లో ఏస్తే అల్లం ఎవుడు తవ్వుతాడు? బేగి లాయర్ని సూడు!" అని పెళ్లాం ముత్యాలమ్మ విరుచుకుపడింది.

ఇద్దరు దొరికారు. గిరిజనులకు న్యాయసేవా కమిటీ ఉచితంగా ఇచ్చే లాయరు హారిక ఒకరు. ఫీజు తీసుకునే సూర్యనారాయణ ఇంకొకరు. ఆయనకు నల్లకోటే కాదు, నల్లకారు కూడా ఉంది.

"ఊరికే వచ్చే లాయరు ఊరికే కూకుంటాది" అన్నారు ఊళ్లోవాళ్లు. వాళ్లది తప్పు కాదు. ఉచిత బియ్యంలో రాళ్లనూ, ఉచిత ఆసుపత్రికి తాళాన్నీ చూసినవాళ్లు. హక్కును ఇన్నేళ్లూ బిచ్చంలా విసిరితే, అది హక్కని ఎవరు నమ్ముతారు?

మంగ్లుకు మాత్రం ఎంచుకునే పద్ధతి తెలుసు. వాళ్ల ఊళ్లో తగువు పడితే, మన తరఫున మాట్లాడే పెద్దమనిషికి కోడిపుంజు ఇవ్వాలి. తీసుకుంటే మనవాడు. వద్దంటే అవతలివాడి మనిషి. తగువు తీరాక ఇరువైపులవాళ్లూ ఒకే కోడిని కలిసి తింటారు. తిన్నాక ఎవరూ ఆ ఊసెత్తకూడదు.

ఎర్రపుంజును చంకలో పెట్టుకుని ముందు హారిక దగ్గరికి వెళ్లాడు.

"అయ్యో, వద్దు మంగ్లు గారూ. నేనేమీ తీసుకోకూడదు. చేను పట్టా తెచ్చారా?"

మంగ్లును 'గారు' అన్న మొదటి మనిషే అవతలి మనిషి అయిపోయింది! పట్టా ఆమె బల్లమీద పడేసి, పుంజుతో పరుగో పరుగు.

సూర్యనారాయణ పుంజును చూడగానే "డిక్కీలో వెయ్యరా" అన్నాడు. మనోడే! మంగ్లు పొంగిపోయి, అల్లం అమ్మిన డబ్బు కూడా ఆయన చేతిలో పోశాడు.

వాయిదాకు ముందురోజు సంగతి కనుక్కుందామని వెళితే, లాయరు వరండాలో సూర్యనారాయణ, లక్ష్మీప్రసాద్ ఎదురెదురుగా కూర్చుని బొంగు చికెన్ లాగిస్తున్నారు. గుమ్మం పక్కన ఎర్ర ఈకలు.

"నీ పుంజు భలే ఉందిరా!" అన్నాడు లాయరు ఎముక చీకుతూ.

ఇంకెవరైనా అయితే తిట్టిపోసేవారు. మంగ్లుకు ఆనందంతో కళ్లు చెమర్చాయి. ఇద్దరికీ దండం పెట్టి, ఇంటికి పరుగెత్తాడు.

"తగువు తీరిపోనాదే! ఇద్దరూ నా కోడినే తిన్నారు!"

మర్నాడు కోర్టులో పేరు పిలిచేసరికి మంగ్లు నిశ్చింతగా అల్లం తవ్వుకుంటున్నాడు. లాయరూ రాలేదు, అరగలేదో ఏమో. వారంటు వచ్చింది.

కానిస్టేబుల్ వెంట వచ్చి బోనులో నిలబడ్డ మంగ్లును మేజిస్ట్రేటు అడిగాడు.

"నీకు లాయరున్నాడా?"

"ఉన్నాడు బాబూ. నా కోడిని తినేసి కనబడ్డం లేదు."

మేజిస్ట్రేటు నవ్వు ఆపుకొని, "హారిక గారూ, మీరు చూడండి" అన్నాడు. మంగ్లు బోను కర్ర గట్టిగా పట్టుకున్నాడు. ఇక జైలే!

"వాయిదాకు ఎందుకు రాలేదు?" అని మేజిస్ట్రేటే మళ్లీ అడిగాడు.

"తగువు తీరిపోనాది కద బాబూ. ఆ సావుకారూ నా కోడినే తిన్నాడు. తిన్నాక మళ్లీ కేసంటే మా ఊళ్లో తప్పుకు జరిమానా కట్టాల."

మేజిస్ట్రేటు లక్ష్మీప్రసాద్ వైపు తిరిగాడు. "తిన్నారా?"

"కొంచెమే సార్."

హాలంతా ఘొల్లుమంది. హారిక లేచి, మంగ్లు పడేసిపోయిన పట్టా తీసింది. చేను ఇతనిది, అందులో బోర్డు పాతమని ఎవరు అనుమతిచ్చారని అడిగింది. వారంటు అక్కడే రద్దయింది. కొన్ని వాయిదాలకు కేసు కూడా కొట్టేశారు.

మంగ్లు ఇంకో పుంజుతో హారిక ముందు ప్రత్యక్షమయ్యాడు.

"వద్దని చెప్పానా మంగ్లు గారూ! ఇది మీ హక్కు. దీనికి కోడి అక్కర్లేదు."

"తినకుండానే మన తరఫున మాటాడింది" అని, పుంజుతో తిరిగొచ్చిన మొగుణ్ని చూసి ముత్యాలమ్మ ముక్కున వేలేసుకుంది. "ఈ గుంట ఏటి మనిషే!"

ఇప్పుడు చిక్కేమిటంటే, తగువు గెలిపించిన మనిషికని ఎత్తిపెట్టిన పుంజును ఇంకొకరు తినకూడదు. అందుకని అది ఊళ్లోనే తిరుగుతోంది. బాగా బలిసి, ఆరబోసిన గింజలన్నీ కెలుకుతోంది. రిసార్టుకు వచ్చే టూరిస్టుల పిక్కలు పొడుస్తోంది. ఎవరైనా కర్ర ఎత్తారో, చేలోంచి మంగ్లు కేక వినిపిస్తుంది.

"ఓయ్, దానిమీద సెయ్యేసేవు, జాగర్త! దానికి లాయరుంది!"