చప్పిడి బాబాయి నమూనా డబ్బా

ఆయన గురించి ఆ వీధిలో చెప్పుకునే మాటల్లో నిజాలు తక్కువ. పెళ్ళాం పోయిన దిగులుతో కుక్కల్ని చేరదీశాడన్నారు. ఆయనకు అసలు పెళ్ళే కాలేదు. చిన్నప్పటి నుంచీ కుక్కలంటే ప్రాణమన్నారు. ఎనిమిదో ఏట పిక్క పట్టుకున్న కుక్క గుర్తు ఎడమకాలి మీద అలాగే ఉంది, యాభై తొమ్మిదేళ్ళు వచ్చేదాకా కుక్క ఎదురైతే రోడ్డు అవతలికి దాటి నడిచిన మనిషి ఆయన. ఆసుపత్రిలో మిగిలిన తిండిని ఎండబెట్టి బిస్కెట్లని పంచాడన్నారు. ఉద్యోగం ముగిశాక ఆయన ఆ ఆసుపత్రి గడప తొక్కలేదు. మొరగకుండా నిద్రమాత్రలు కలుపుతాడని ఇంకో మాట. దానికి ఆధారమూ లేదు, అర్థమూ లేదు. అన్నిటికన్నా ఆలస్యంగా పుట్టి అన్నిటికన్నా గట్టిగా నిలబడిన మాట ఒకటుంది: ఎవరి తప్పునో తన నెత్తిన వేసుకున్న త్యాగమూర్తి అని. ఇది మెచ్చుకోలే గానీ, ఇదీ నిజం కాదు. జరిగింది జరిగినట్టు చెప్పుకుంటే నిందా తగ్గుతుంది, పొగడ్తా తగ్గుతుంది. ఆ మనిషికి న్యాయం జరగాలంటే రెండూ తగ్గాలి.

ముప్పై ఒక్క ఏళ్ళు ఆయన ఒక పెద్ద ఆసుపత్రి వంటగదిలో పనిచేశాడు. అందులోనూ ఉప్పు తగలకూడని రోగుల పొయ్యి ఆయనది. నూనె చుక్కల లెక్కన, కారం పేరుకైనా లేకుండా వండాలి. తోటి వంటవాళ్ళు చప్పిడి బాబాయి అని పేరు పెట్టారు. వార్డుల నుంచి పళ్ళేలు తిరిగి వచ్చేటప్పుడు వాటిలో సగం తిండి అలాగే ఉండేది. పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి అంటారు గానీ, ఆయన వంట విషయంలో జిహ్వలన్నీ ఏకమయ్యాయి. అన్నేళ్ళలో మారు వడ్డించమని అడిగిన నోరు ఒక్కటీ లేదు. రోగులు లేచి ఇళ్ళకు నడిచి వెళ్ళడంలో తన వంటకూ కొంత భాగముందని ఆయనకు తెలుసు. ఆ సంగతి ఇంకెవరికీ తెలియదని కూడా తెలుసు.

ఆ వంటగది ఆయనకు రెండు నియమాలు నేర్పింది. తన చేత్తో వండనిది తన గిన్నెలో పడకూడదు. వండిన ప్రతిదానిలోనూ కొంచెం నమూనా తీసి, ఏ రోజు ఏ వేళ వండిందో రాసి, మూడు రోజులు చల్లగా దాచాలి. ఎవరికైనా కడుపు తిరిగితే ఆ డబ్బాయే సాక్షి. మూడు రోజులు నిండాక పారేయవచ్చు.

విశ్రాంతి దొరికాక ఆయన మూడో అంతస్తులో ఒంటి గదిలో చేరాడు. కిటికీ తీస్తే పక్క భవనం మీది నీళ్ళ ట్యాంకులు తప్ప ఏమీ కనిపించవు. మొదటి నెల అలవాటు కొద్దీ తన పూట భోజనానికి కూడా నమూనా తీశాడు. వండిందీ తనే, తిన్నదీ తనే, జబ్బు పడితే విచారణ చేయాల్సిందీ తనే అని ఒక రోజు తట్టింది. ఆ డబ్బా కడిగి బోర్లించాడు. తర్వాత చాలాకాలం అది బోర్లించే ఉంది.

అన్నిటికన్నా కింది అంతస్తులో ఒక దర్జీ ఉండేది. నలభై దాటిన మనిషి, మెడలో కొలతల టేపు తీయగా ఎవరూ చూడలేదు. ఆమె కుక్క పేరు బొత్తం. ముసలిది. ఒకనాడు మెట్ల దగ్గర ఆమె ఆయన్ని ఆపింది.

"వీడికి గుండె వాచిందట బాబాయిగారూ. ఉప్పు తగలనివ్వద్దంది డాక్టరమ్మ. ఉప్పు లేకపోతే వీడు మూతి తిప్పుకుంటాడు. ఏం పెట్టమంటారు?"

"నన్నడుగుతావేంటమ్మా? కుక్కలంటే నాకు పడదు."

"కుక్కల సంగతి కాదు, ఉప్పు సంగతి అడుగుతున్నా. అందులో మీరు ప్రొఫెసరు కదా!"

ఆయన నవ్వలేదు. మర్నాడు వీధి చివర పశువుల డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళి, కుక్కలకు ఏది పనికొస్తుందో ఏది పనికిరాదో అడిగి, పనికిరానివి ఒక అట్టముక్క మీద రాసి పొయ్యి పైన గోడకు తగిలించాడు. ఉల్లిపాయ, వెల్లుల్లి, ద్రాక్ష, ఎండుద్రాక్ష, చాక్లెట్. తర్వాత చిలగడదుంప ఉడికించి, తొక్క తీసి మెదిపాడు. అందులో ఓట్స్ పిండి, ఒక గుడ్డు కలిపి ఒత్తి, సీసా మూతతో బిళ్ళలు కోశాడు. చిన్న ఓవెన్‌లో సన్న సెగ మీద గంటసేపు కాల్చి, ఆపేసిన ఓవెన్‌లోనే చల్లారేదాకా ఉంచాడు. అలా చేస్తే తడి ఆరి బిస్కెట్ నిలవ ఉంటుంది. రెండు బిళ్ళలు నమూనా డబ్బాలో వేశాడు. ఇప్పుడు తినేది వేరొకరు కదా.

కిందికి తీసుకెళ్ళి, చెయ్యి సాచినంత దూరం నుంచి ఒక బిళ్ళ విసిరాడు. బొత్తం వాసన చూసి, కరకరలాడించి, వచ్చి ఆయన చెప్పు మీద కాలు వేసి కూర్చుంది.

"ఏమంటుంది?"

"ఇంకోటి కావాలంటున్నాడు."

"సరిగ్గా చూసే చెప్తున్నావా?" అన్నాడాయన.

నాలుగు నెలలు తిరిగేసరికి శనివారం సాయంత్రం ఐదింటికి ఆ ఒంటి గదిలో ఐదు కుక్కలు, ఏడుగురు మనుషులు పోగయ్యేవారు. రెండో అంతస్తులో ఉండే బస్సు కండక్టరు తన చిన్న తెల్ల కుక్కను చంకనేసుకుని వచ్చేవాడు. దాని నడక చూసి వీధిలో అందరూ మహారాణి అనేవారు.

"రైట్, రైట్! ముందుకు జరగాలి, మెట్ల మీద నిలబడరాదు!" అని కుక్కలను వరసలో పెట్టేవాడు. "ఉప్పు తిన్నవాళ్ళకే విశ్వాసం లేని రోజుల్లో, ఉప్పు ముట్టకుండా ఇంత విశ్వాసమేంటి బాబాయ్ వీటికి!"

రెండు టీ కప్పులున్న గదిలో తొమ్మిది కప్పులయ్యాయి. ఆదివారం పొద్దున ఆయన వాటిని కడిగి, అలమరలో పెట్టకుండా గట్టు మీదే వరసగా ఉంచేవాడు. శుక్రవారం దాకా వాటిలో ఎనిమిది కప్పులతో పని ఉండేది కాదు. అయినా లోపల పెట్టలేదు.

ఒక శనివారం పొద్దున దర్జీ గిన్నె పట్టుకుని పైకి వచ్చింది. "నిన్న మా చెల్లెలొస్తే కోడి ఉడికించా బాబాయిగారూ. ఆ నీళ్ళే, గంటసేపు మరిగించి చిక్కగా చేశా. ఉప్పు వెయ్యకముందే మీకని తీసిపెట్టా. ఇవాళ బిస్కెట్లలో నాదీ ఓ చెయ్యి పడాలి."

ఆయన వంటలో చెయ్యి వేస్తానన్న మనిషి అంతవరకూ ఒక్కరూ లేరు. గిన్నె మీదికి వంగి వాసన చూశాడు. వాసనలో ఏదో తీపి తగిలింది.

"ఉల్లిపాయ పడిందా?"

"అబ్బే, చూడండి, అద్దంలా ఉంది. ఒక్క ముక్క లేదు."

ఆమె చెప్పింది నిజమే, ముక్క లేదు. కానీ ఆయన అడిగింది దాని గురించి కాదు. నీళ్ళలో మరిగిన వస్తువును ముక్కలేరి బయటికి తీయలేమని ముప్పై ఒక్క ఏళ్ళు పొయ్యి దగ్గరే గడిపినవాడికి ఒకరు చెప్పాలా? మళ్ళీ అడగవలసింది. ఆమె గుమ్మంలో నిలబడి, అడగకుండానే ఒక కుర్చీ లాక్కుని, "ఎలా కలుపుతారో చూస్తా" అంది. ఆయన మళ్ళీ అడగలేదు. పిండిలో ఆ నీళ్ళు పోశాడు.

ఆ సాయంత్రం బిస్కెట్లకు ఎన్నడూ లేని గిరాకీ. తక్కిన కుక్కలు ఒకటో రెండో తిన్నాయి. మిగిలినవన్నీ కండక్టరు తన టిఫిన్ డబ్బాలో నింపుకున్నాడు. "మా రాణిగారి పాస్ మీద వెళ్తాయివి" అన్నాడు. ఆయన రెండు బిళ్ళలు నమూనా డబ్బాలో వేసి మూత మీద రాశాడు: శనివారం, ఐదు.

మంగళవారం సాయంత్రం మెట్ల మీద కేకలు వినిపించాయి. మహారాణి చిగుళ్ళు తెల్లబోయాయి, మూత్రం ఎర్రగా పోస్తోంది, నిలబడలేకపోతోంది. ఎలుకమందు తిని ఉంటుందేమో, వెంటనే తీసుకురమ్మని డాక్టరమ్మ ఫోన్లో అంది. మెట్ల కింద ఎలుకమందు పెట్టింది కాపలాదారు కాబట్టి కండక్టరు అతని కాలరు పట్టుకున్నాడు. "ఇవాళ్టితో నీ ఉద్యోగం సరి!" అన్న కేక మూడో అంతస్తు దాకా వచ్చింది.

ఆయన గుమ్మంలో నిలబడి విన్నాడు. చేతిలో నమూనా డబ్బా ఉంది. గడియారంలో ఐదుకు ఇంకా ఇరవై నిమిషాలుంది. ఇరవై నిమిషాలు ఆగితే మూడు రోజులు నిండుతాయి, నియమం ప్రకారమే చెత్తబుట్టలో వేయవచ్చు. ఎవరూ వేలెత్తి చూపలేరు. మూత తీసి వాసన చూశాడు. దుంప వాసన ఎప్పుడో పోయింది. ఆ తీపి వాసన మాత్రం మిగిలింది.

గట్టు మీద తొమ్మిది కప్పులున్నాయి. డబ్బా కిందికి వెళితే ఆ కప్పులతో మళ్ళీ పని ఉండదని ఆయనకు తెలుసు. మూడు నిమిషాలు కదలకుండా నిలబడ్డాడు. ఆ లెక్క ఆయన చెప్పిందే. దాచలేదు కాబట్టి ఇక్కడా దాచకూడదు. ఆ తర్వాత చెప్పులు కూడా వేసుకోకుండా దిగాడు.

ఆయన వీధి చివరికి చేరేసరికి డాక్టరమ్మ గదిలో కుక్క బల్ల మీద ఉంది. కండక్టరు దాని తల పట్టుకున్నాడు, దర్జీ దాని కాళ్ళు పట్టుకుంది.

"ఎలుకమందు కాదేమో డాక్టరమ్మా. ఇది చూడండి. శనివారం చేసినవి."

ఆమె ఒక బిళ్ళ విరిచి వాసన చూసింది. "ఉల్లిపాయ పడిందా ఇందులో?"

దర్జీ చెయ్యి మెడలోని టేపు దగ్గరికి వెళ్ళి అక్కడే ఆగిపోయింది. తేలు కుట్టిన దొంగలా నేల చూస్తూ నిలబడింది.

"పడింది," అన్నాడాయన. "ఉల్లి మరిగిన నీళ్ళు. నేనే పోశాను."

"ఎన్ని తింది ఇది?"

"డబ్బాడు," అన్నాడు కండక్టరు. "రెండు రోజులూ అవే పెట్టా. ఇంకేదీ ముట్టలేదు." తర్వాత ఆయన వైపు తిరిగాడు. "గోడకి అట్ట తగిలించుకున్నావు కదా. చదవడం రాదా నీకు?"

"వచ్చు."

"మరి?"

"చదివాను. అయినా పోశాను."

డాక్టరమ్మ రక్తం పరీక్షించి, ఉల్లి వల్లనేనని తేల్చి, మందులు మార్చి, వేరే కుక్క రక్తం ఎక్కించింది. ఆరో రోజున మహారాణి తన నడకతోనే ఇంటికి వెళ్ళింది. కాపలాదారు కాలరు సర్దుకుని తన పనిలో పడ్డాడు.

వచ్చిన శనివారం ఐదింటికి ఎవరూ రాలేదు. ఆయనా ఓవెన్ వెలిగించలేదు. ఆరింటి దాకా కుర్చీలో కూర్చుని, లేచి ఎనిమిది కప్పులు అలమరలో పెట్టాడు.

మూడో శనివారం తలుపు కింద గీకిన చప్పుడు. తీస్తే బొత్తం. వాచిన గుండెతో మూడు అంతస్తులు ఎక్కి, రొప్పుతూ నిలబడి ఉంది.

"మీ అమ్మకి చెప్పే వచ్చావా?" అన్నాడు. గదిలో ఉడికించిన క్యారెట్ ఉంది. పెట్టలేదు. ఒకప్పుడు కుక్కను చూసి రోడ్డు దాటిన మనిషి దాన్ని చేతుల్లోకి ఎత్తుకుని, మలుపు మలుపుకూ ఆగుతూ కిందికి దించాడు. ఆగింది కుక్క ఊపిరి కోసమో తన ఊపిరి కోసమో చెప్పడం కష్టం.

దర్జీ మిషను చక్రం ఆపింది. "ఆ రోజు నేను నోరు విప్పాల్సింది బాబాయిగారూ. ఉల్లి చేసే మేలు తల్లి కూడా చెయ్యదంటారు. ముక్కలు తీసేస్తే చాలనుకున్నా. అక్కడ చెప్పబోతే నాలుక కదల్లేదు."

"నీళ్ళు నువ్విచ్చావు. పోసింది నేను. రెండూ నిజాలే. నాది నేను చెప్పాను. నీది నేను చెప్పను, నువ్వు చెప్పుకో."

నెల తర్వాత ఆమె కండక్టరుకు చెప్పింది. ఆలస్యమైనా చెప్పింది, ఆ మేరకు ఆమెకు దక్కవలసింది దక్కాలి. కండక్టరు ఆ మాట వీధంతా చాటాడు. పరాయి తప్పు మోసిన దేవుడని, అలాంటి మనిషి ఉండడని. వినాల్సిన వాళ్ళందరూ విన్నారు. కానీ ఆ పొగడ్త మూడు అంతస్తుల మెట్లు ఎక్కలేదు. ఒకసారి నోరు పారేసుకున్న మనిషి ఎదుటికి మళ్ళీ వెళ్ళడానికి కండక్టరుకు మొహం చెల్లలేదు. అతను వెళ్ళని చోటికి తక్కినవాళ్ళూ వెళ్ళలేదు. ఇప్పుడు శనివారాల్లో ఆయన ఆరు బిళ్ళలు కాలుస్తాడు. రెండు డబ్బాలోకి. నాలుగు కింద కుట్టుబల్ల మీదికి, రోజు విడిచి రోజు ఒకటి పెట్టమని. బొత్తం ఇంకోటి అడుగుతుంది. ఇవ్వడు. పైకి వచ్చి ఒక కప్పు తీసుకుంటాడు.

తేల్చి చెప్పాలంటే ఇంతే. ఆయన కుక్కలకు విషం పెట్టలేదు, ఎవరి నేరమూ మోయలేదు. తోడు దొరికిందన్న సంతోషంలో, అడగవలసిన ప్రశ్న ఒకటి తెలిసి కూడా అడగలేదు. పారేయడానికి ఇరవై నిమిషాలే మిగిలిన సాక్ష్యాన్ని, మూడు నిమిషాలు తటపటాయించి, తన చేత్తోనే తీసుకెళ్ళి ఇచ్చాడు. కుక్క బతికింది.