పై బుట్టలోని నాణెం

మా ఆయన కుదురుగా కూర్చోగా నేనెప్పుడూ చూడలేదు. అన్నం తినేటప్పుడు కూడా ఒక కాలు గుమ్మం వైపే ఉంటుంది. ఫ్రిజ్‌లు, ఫ్రీజర్లు బాగుచేయడం ఆయన పని. వీధిలో అందరికీ ఆయన ఐసాయన. ఎవరింట్లో ఫ్రిజ్ మూలిగినా ముద్ద వదిలేసి పరుగెత్తుతారు. మా ఇంట్లో మూలిగితే మాత్రం, "మనదే కదా, ఎక్కడికి పోతుంది? తర్వాత చూద్దాంలే" అంటారు. వంటింట్లో కారే కుళాయి ఆ 'తర్వాత' కోసం ఇప్పటికీ కారుతూనే ఉంది.

చివరికి నేనూ మా అమ్మాయీ ఒక ఉపాయం కనిపెట్టాం. ఇంట్లో ఏదైనా పాడైతే పక్క గదిలోంచి ఆయనకి ఫోన్ చేసి, గొంతు మార్చి, "మెకానిక్ గారేనా అండీ?" అనేవాళ్లం. ముందు కసురుకునేవారు, ఆ వెంటనే నవ్వేవారు. ఆ నవ్వు మీదే పనిముట్ల సంచీ పట్టుకొచ్చి పని చేసేసేవారు. కట్టుకున్నదాని మాటకి లేని విలువ ముక్కూమొహం తెలియని వాళ్ల ఫోనుకి ఉండేది మరి!

ఈమధ్య మా ఇంట్లో అలాంటి సరదాలు లేవు. అమ్మాయికి నెలలు నిండకముందే కాన్పయింది. పాప ఇంకా ఆస్పత్రిలో గాజుపెట్టెలోనే ఉంది. డబ్బాపాలు పడితే పొట్ట ఉబ్బిపోతోంది. అమ్మాయి మా ఇంట్లోనే ఉంటూ, తన పాలు తీసి చిన్న చిన్న సంచుల్లో పోసి మా డీప్ ఫ్రీజర్‌లో దాచేది. అల్లుడు రోజూ పనికి వెళ్తూ కొన్ని సంచులు ఆస్పత్రిలో ఇచ్చి వెళ్లేవాడు. అంతలో అమ్మాయి కాన్పు కుట్లకి చీము పట్టింది, జ్వరం వచ్చింది. డాక్టరమ్మ గట్టి మందులు రాసి, "ఇవి వాడినన్నాళ్లూ నీ పాలు పాపకి పట్టకూడదు. ముందు దాచినవి ఉన్నాయిగా, వాటితో గట్టెక్కుదాం" అంది. అప్పటినుంచి అమ్మాయి ప్రాణమంతా ఆ పెట్టె మీదే. అటు వెళ్లినా ఇటు వెళ్లినా దాని ముందు వెలిగే అంకె చూసుకునేది. అంకె ఎప్పుడూ మైనస్ పద్దెనిమిదే. అది చూసి మేమూ నిశ్చింతగా ఉన్నాం.

ఆ రోజు పొద్దున్న అమ్మాయి మూత ఎత్తి పై బుట్టలోంచి ఒక సంచి తీసింది. అది దాని చేతిలో వంగింది.

"అమ్మా, ఇది మెత్తగా ఉందేంటి?"

మా ఆయన అప్పటికే ఒక చేయి చొక్కాలో దూర్చి, ఫోను భుజానికీ చెవికీ మధ్య నొక్కిపెట్టి, ఎవరికో "వస్తున్నా, దార్లో ఉన్నా" అని చెబుతున్నారు. అలాగే వచ్చి అంకె వైపు చూశారు.

"మైనస్ పద్దెనిమిది ఉంది కదమ్మా. నీ చెయ్యి వేడికి అలా అనిపించింది."

"నా చెయ్యి వేడి కాదు నాన్నా."

"అంకె కనబడుతోందిగా..."

నాకు ఒళ్లు మండిపోయింది. "పసిది అంకె తాగుతుందా? ముందు చెయ్యి పెట్టి చూడండి!" అని అరిచాను.

చెయ్యి పెట్టారు. రెండో చేయి చొక్కాలో దూర్చకుండానే పనిముట్ల సంచీ దగ్గరికి పరుగెత్తి, వైరున్న థర్మామీటర్ తెచ్చి సంచుల మధ్య పెట్టారు. పైన సున్నాకి కాస్త అటూఇటూ ఉంది. అడుగున మైనస్ పది. బయట మాత్రం సిగ్గూఎగ్గూ లేకుండా మైనస్ పద్దెనిమిది వెలుగుతూనే ఉంది.

"సెన్సర్ తప్పు చెబుతోంది. లోపల చల్లగానే ఉందనుకుని మోటారు ఆగిపోతోంది" అన్నారు.

ఇక ఇల్లంతా పరుగులే. సందు చివరి ఐస్‌క్రీమ్ కొట్టు తలుపు బాది రెండు ఐస్ పెట్టెలు, వాటి నిండా ఐసు తెచ్చారు. ఇంకా చల్లబడాలని నేను డబ్బా ఉప్పు ఆ ఐసు మీద కుమ్మరించాను. "పైవీ కిందవీ కలపకండి" అంటూ అమ్మాయి తనే సర్దింది. ఒక్కో బుట్ట మూలన మంచు పట్టిన స్టీలు గిన్నె ఒకటుంటే, అవీ ఏ బుట్టవి ఆ బుట్ట సంచులతోనే పెట్టి మూతలు బిగించింది. ఆ హడావుడిలో గిన్నెలేంటని నేను అడగలేదు.

మా ఆయన ఫ్రీజర్ లోపలి రేకు విప్పి సెన్సర్ బయటికి లాగారు. చింతగింజంత నల్లపూస, దాని వెనక సన్నటి తీగలు. అంతే. ఇంత పెద్ద పెట్టెకి ఆ గింజ చెప్పిందే వేదం. గ్లాసులో నలగ్గొట్టిన ఐసు, కాసిని నీళ్లు పోసి, పూసని అందులో ముంచారు. ఐసూ నీళ్లూ కలిసున్నంతసేపు అది సున్నా డిగ్రీలే. అక్కడ మీటరులో ఎంత అంకె రావాలో ఆయనకి కంఠతా వచ్చు. పూసకి దగ్గర్లోనే తీగ తొడుగులోకి సూదులు గుచ్చి చూశారు.

"సరిగ్గానే ఉందే!"

"అయితే ఏంటి పోయింది?" అన్నాను.

ఆయన తీగ రెండో చివర, మోటారుని నడిపే బోర్డుకి తగిలించే చోట, మీటరు పెట్టారు. అంకె ఎక్కడికో లేచిపోయింది. తీగ కదిపితే ఎగిరెగిరి పడింది. ఆయన వేళ్లు తీగ వెంట మెల్లగా జరిగి, మధ్యలో నల్ల టేపు చుట్టిన చోట ఆగిపోయాయి.

ఆ టేపు ఎవరు చుట్టారో మా ముగ్గురికీ తెలుసు. కిందటేడు సెన్సర్ పోతే, ఏదో పాత ఫ్రిజ్‌లోంచి పీకినది తెచ్చి వేశారు. తీగ పొట్టిదైతే ఇంకో ముక్క మెలిపెట్టి టేపు చుట్టారు. బయటివాళ్ల ఇంట్లో అయితే కొత్త సెన్సర్ వేస్తారు, అతుకు పెట్టాల్సొస్తే టంకం వేసి, చెమ్మ దూరకుండా గొట్టం తొడుగుతారు. మా ఇంట్లో 'తర్వాత' అన్నారు.

టేపు విప్పారు. రాగి తీగ పచ్చటి పొడిలా రాలింది.

"చల్లబడేకొద్దీ ఈ పూసలో కరెంటుకి అడ్డు పెరుగుతుందమ్మా. తుప్పు కూడా అడ్డే. రెంటికీ తేడా బోర్డుకి తెలీదు, చల్లబడిందనే అనుకుంటుంది" అన్నారు.

"ఎప్పటినుంచి ఇలా ఉంది?" అంది అమ్మాయి.

"చెప్పలేను. తగిలినప్పుడు తగిలి, తగలనప్పుడు... ఈలోగా కరిగి మళ్లీ గడ్డకట్టి కూడా ఉండొచ్చు. చూస్తే తెలీదు."

ఒకసారి కరిగి గడ్డకట్టిన పాలు పాపకి పట్టకూడదని నర్సమ్మ వందసార్లు చెప్పింది. అనుమానంతో పట్టలేం, అన్నీ పారబొయ్యలేం.

అప్పుడు అమ్మాయి లేచి, "గిన్నెలున్నాయి" అంది.

ఊరెళ్లే ప్రతి వాళ్లకీ మా ఆయన చెప్పే చిట్కా అది. గిన్నెలో నీళ్లు గడ్డకట్టించి, పైన ఒక నాణెం పెట్టి ఫ్రీజర్‌లో ఉంచాలి. తిరిగొచ్చాక నాణెం పైనే ఉంటే ఏమీ కరగనట్టు. అడుక్కి పోతే కరిగినట్టే. ఊరందరికీ చెప్పారు గానీ, మా ఇంట్లో ఆ మాట విన్నది అమ్మాయి ఒక్కతే.

కింది బుట్ట గిన్నె తీసి, మంచు తుడిచింది. నాణెం గడ్డ మీదే ఉంది. పై బుట్ట గిన్నె తీసింది. ఎంత తుడిచినా నాణెం కనపడలేదు. నాణెం అడుగున ఉంది, దాని మీద మళ్లీ ఐసు కట్టింది.

పై బుట్ట సంచులన్నీ తనే ఒక్కొక్కటిగా కత్తిరించి సింకులో పోసింది. సాయం చేయబోతే, "నువ్వు ముట్టుకోకమ్మా" అంది. కుట్ల నొప్పితో, నిద్రమానుకుని తీసిన పాలు అవి. నాకు ఏడుపాగలేదు. అది మాత్రం ఏడవలేదు.

మా ఆయన ఈలోగా గబగబా తీగ గీకి, మళ్లీ మెలిపెట్టి, టేపు చుట్ట తీశారు. "కిందవి ముందు లోపల పెట్టేద్దాం. దీన్ని తర్వాత..."

అమ్మాయి చేతులు కడుక్కుని ఫోన్ తీసింది. ఆయన జేబులో ఫోన్ మోగింది. ఆయన అమ్మాయి వైపు చూశారు. అది చూపు తిప్పలేదు. ఈసారి గొంతు కూడా మార్చలేదు.

"మెకానిక్ గారేనా అండీ?"

ఫోన్ ఎత్తి, "అవునమ్మా" అన్నారు.

"మా ఇంట్లో ఫ్రీజర్ పాడైందండీ. అందులో మా పాప పాలున్నాయి. మీరు బాగా చేస్తారని చెప్పారు."

"వస్తున్నానమ్మా" అన్నారు. టేపు బల్ల మీద పెట్టేసి, సంచీ తీసుకుని పెరటి గుమ్మంలోంచి వెళ్లారు. కాసేపటికి వీధి గుమ్మం గంట మోగింది. నేనే తలుపు తీశాను. రెండో చేయి కూడా చొక్కాలో దూర్చి, గుండీలన్నీ పెట్టుకుని నిలబడ్డారు. చేతిలో ఎవరికోసమో తెచ్చిపెట్టిన కొత్త సెన్సర్, పొడుగు తీగతో, ఇంకా కవర్లోనే ఉంది.

అతుకే లేకుండా వేశారు. మధ్యలో ఫోన్ మోగుతూనే ఉంది, ఒక్కటీ ఎత్తలేదు. మళ్లీ ఐసులో ముంచి, బోర్డు చివర కొలిచి, మూత వేసి, లోపలి థర్మామీటరూ బయటి అంకే ఒక్కటయ్యేదాకా దాని ముందు నుంచి కదల్లేదు. కింది బుట్టవి లోపలికి చేరాయి. మందులయ్యేదాకా అవి పొదుపుగా సరిపెట్టొచ్చని ఫోన్‌లో నర్సమ్మ అంది.

అన్నీ సర్దుకుని, ఏ ఇంటి నుంచి వెళ్లేటప్పుడైనా అనే మాటే అనబోయారు.

"ఏదైనా తేడా వస్తే ఫోన్..."

సంచీ పట్టుకుని అలాగే నిలబడిపోయారు.

"చేస్తాను నాన్నా" అంది అమ్మాయి.