నూనె అక్కర్లేని మోటారు కోసం నందిగామ దాకా

పొద్దున ఎనిమిదింబావుకి జగ్గయ్యపేటలో నందిగామ బస్సెక్కా. అక్కడి కాలేజీలో పదకొండింటికి ఉపన్యాసం. వెంట్రుక కన్నా వందల రెట్లు సన్నటి మోటారును కార్బన్ గొట్టాలతో చేసారట, కరెంటు మీద తిరుగుతుందట. నలభై ఏళ్ళు మోటార్లు చుట్టినవాణ్ణి, ఎలా ఊరుకుంటా?

"ఇస్త్రీ చొక్కా ఏసావు, పెళ్ళిచూపులకా తాతా?" అంటూ కండక్టరు పదిహేను రూపాయల టికెట్ చింపాడు.

హైవే అప్పటికింకా రెండు లైన్లే, పనులు జరుగుతున్నాయి. కిటికీ పక్కన కూర్చుంటే ఒళ్ళంతా దుమ్మే. చిల్లకల్లు దాటాక మూతపడ్డ రైస్ మిల్లు కనపడింది. పద్దెనిమిదేళ్ళప్పుడు అక్కడే కోటయ్య మేస్త్రి దగ్గర పనిలో చేరా. స్క్రూడ్రైవరు మోటారుకి ఆనించి, పిడి చెవిలో పెట్టుకుని బేరింగు రోగం చెప్పడం ఆయనే నేర్పాడు. తిరిగే రింగులకి కరెంటు అందించే నల్లటి కార్బన్ బిళ్ళలకి మాత్రం రోజూ నూనె రాయించేవాడు. కార్బన్‌కి నూనె వద్దండీ, దానంతటదే జారుద్ది అన్నా. వినలేదు. నూనెకి తవుడు పట్టి, రవ్వలు లేచి మోటారు కాలింది. సరిగా రాయలేదని నన్నే గెంటేసాడు.

కాలేజీలో ప్రశ్నలు విద్యార్థులకేనన్నారు. ప్రశ్నకి కూడా సర్టిఫికెట్ కావాలా? లేచి నిలబడ్డా. తిరిగే గొట్టానికి ఏం నూనె పెడతారండీ అని అడిగా.

"ఏమీ పెట్టరండి. గొట్టంలో గొట్టం. కార్బన్ మీద కార్బన్ దానంతటదే జారుతుంది" అన్నాడు మాస్టారు.

ఒంటిగంటకి బస్టాండు దగ్గర భోంచేసి, బజారు వెనకున్న మేస్త్రి ఇంటికి నడిచా. అన్నేళ్ళలో మొదటిసారి. ప్లాస్టిక్ కుర్చీలో ఉన్నాడు, చెవులు మందం. రాగితీగ చుట్టకుండానే తిరిగే మోటారు గురించి అరిచి చెప్పా, బంగారు రెక్క, కార్బన్ ఇరుసు, చుక్క నూనె లేదని.

"ఎన్ని బస్తాలు ఆడుద్ది?" అన్నాడు.

ఆయనే మళ్ళీ అన్నాడు. "నూనె తప్పని ఆ వారమే తెలిసిందిరా సాంబా. కొత్త మోటారుకి రాయలేదు. నిన్ను పిలవడానికి మొహం చెల్లలా."

"నలభై ఏళ్ళండీ మేస్త్రీ" అన్నా. విన్నాడో లేదో. బస్సులో కూడబెట్టుకున్న తిట్లన్నీ నోట్లోనే ఉండిపోయాయి.

నాలుగున్నర బస్సుకి తిరిగొచ్చా. మిల్లు దగ్గర కునుకు పట్టి కిటికీ కడ్డీకి తల ఆనింది. కింద ముందు చక్రంలో బేరింగు పోతున్న మోత, సన్నగా, స్పష్టంగా. మేస్త్రికి చెప్దామని పక్కనున్న ఖాళీ సీటు వైపు తిరిగా.