అద్దాల గదిలో నాలుగో మనిషి

దాదాపు ఇరవై ఏళ్ళుగా ఒక మాట నా గొంతులో అడ్డంగా పడి ఉంది. చేపముల్లంత అంటే మీరు జాలిపడతారు. ఓడ లంగరంత అని రాయబోయి ఆగాను. చూశారా, ఇదీ నా జబ్బు. ఉన్నదాన్ని ఉన్నంతగా చెప్పడం నాకు చేతకాదు. మా వీధిలో పిల్లి కనిపిస్తే పులి అనేవాణ్ణి. అండమాన్‌లో పులి ఎక్కడిదని ఎవరూ అడగలేదు. నవ్వేవారు. వాళ్ళు నవ్వితే నాకు ఆ పూట అన్నం అక్కర్లేదు. ఈ ఒక్కటీ మాత్రం కొలత తప్పకుండా చెప్పాలని కూర్చున్నాను. మీరు నన్నెరగరు. నాకున్న ధైర్యం అదొక్కటే.

అప్పట్లో మేం హాడోలో, ఓడరేవు దగ్గర క్వార్టర్లలో ఉండేవాళ్ళం. మా తెలుగువాళ్ళ హాల్లో ఒక అలవాటు ఉండేది. ఏ భాష సినిమా వేసినా తెరపక్కన ఒక మనిషి మైకు పట్టుకుని నిలబడి, ఎప్పటికప్పుడు జరుగుతున్నది సగం తెలుగులో, సగం హిందీలో చెప్పేవాడు. ముసలాళ్ళకి చదువు లేదు, పిల్లలకి ఓపిక లేదు. మైకు ఎప్పుడూ నాదే. తెరమీద హీరో ఒక్క మాట అంటే నేను పది అనేవాణ్ణి. జనం సినిమా కోసం వచ్చేవారా, నా కోసమా అంటే... నా కోసమే అని ఇప్పటికీ నమ్ముతున్నాను. సిగ్గు లేదు.

సునామీ వచ్చిన మరుసటి ఏడాది. హాల్లో నవ్వులు ఆగిపోయి అప్పటికి చాలాకాలం. ఒక సైన్సు మాస్టారు, జనానికి కాస్త మనసు మళ్ళుతుందని, ఒక డాక్యుమెంటరీ తెచ్చాడు. చంద్రుడి మీదికి వెళ్ళొచ్చిన వాళ్ళ పాత రీళ్ళన్నీ వెతికి, వరసగా కూర్చి తీసినది. అందులో కథ చెప్పే గొంతు లేదు. రేడియోలో గరగరమనే ఇంగ్లీషు తప్ప. అంటే రెండు గంటలూ నాదే రాజ్యం.

హాల్లో వెయ్యిమంది. కాదు, నూరుమంది ఉంటారు. రాకెట్టు లేచినప్పుడు ముందు వరసలో పిల్లలు చెవులు మూసుకున్నారు. చంద్రుడి మీద వాళ్ళు ఎగిరెగిరి నడుస్తుంటే బెంచీలెక్కి పిల్లలూ ఎగిరారు. చాతం రంపపు మిల్లులో రిటైరైన ఒక తాత మాత్రం, "ఇదంతా సెట్టింగురా భయ్యా, మా మిల్లు పొట్టు పోసి తీసుంటారు," అన్నాడు. చీకట్లో భూమి నీలంగా పైకి వచ్చినప్పుడు ఆడవాళ్ళు కొందరు దణ్ణం పెట్టారు. దేనికో వాళ్ళకీ తెలీదు.

తర్వాత వాళ్ళు తిరిగొచ్చారు. గొడుగుల్లాంటి వాటికి వేలాడుతూ వచ్చి, ఆ ముగ్గురూ కూర్చున్న డబ్బా సముద్రంలో పడింది.

తెరమీద సముద్రం. ఒక్కసారిగా హాలు బిగుసుకుంది. హెలికాప్టరు వచ్చింది. మనుషులు నీళ్ళలో దూకి, ముగ్గుర్నీ ఒక్కొక్కరిగా పైకి లాగారు. పక్కనే కొండంత ఓడ. ఎవరో ఆడమనిషి అంది, గట్టిగా కూడా కాదు: "ముగ్గురి కోసం అంత జహాజా?"

ఇక ఎవరూ మాట్లాడలేదు. కార్ నికోబార్, కట్చల్ దీవుల్లో తమవాళ్ళని పోగొట్టుకున్నవాళ్ళు ఆ హాల్లో ప్రతి వరసలో ఉన్నారు. నేను కూడా ఊరుకుని ఉండాల్సింది. ఊరుకోవడం మర్యాద అని నాకు ఆ క్షణంలో తెలుసు. అయినా మైకు చేతిలో ఉండి జనం మౌనంగా ఉంటే నాకు ఊపిరాడదు. నేను వాళ్ళ దుఃఖం తేలిక చెయ్యాలనుకున్నానా, నా ఉక్కిరిబిక్కిరి తేలిక చేసుకున్నానా? ఇన్నేళ్ళూ మొదటిదే అని చెప్పుకున్నాను.

తెరమీద ఆ ముగ్గుర్నీ ఒక గదిలో పెట్టారు. చంద్రుడి నుంచి ఏ రోగమైనా అంటించుకొచ్చారేమోనని. గదికి అద్దం. అద్దం ఇవతల భార్యలు, అవతల వాళ్ళు. నేను అందుకున్నాను.

"సముద్రంలోంచి ఎవర్ని తీసినా ఇదే కానూను! ముందు అద్దాల గదిలో పడేస్తారు. పెళ్ళాం వచ్చి ఏడ్చినా ఒగ్గరు. ఎవరికి తెలుసు, మనోళ్ళని కూడా ఏ దేశం జహాజో ఎత్తుకుపోయి అద్దాల వెనక మేపుతోందేమో! బొజ్జలేసుకుని వస్తారు, చూస్కోండి!"

నవ్వారు. అలా నవ్వడం ఆ కెరటం తర్వాత అదే మొదలు. ఏడుస్తూ నవ్వారు. నేను తెరకన్నా ఎత్తు పెరిగాను.

ఆట అయ్యాక బయట టీ తాగుతుంటే నా చుట్టూ మనుషులు. వాళ్ళని తప్పించుకుంటూ నూకాలప్ప వచ్చింది. బ్రూక్షాబాద్‌లో ఉండేది. నాకన్నా పెద్దది కాబట్టి అప్ప అనేవాణ్ణి. వాళ్ళాయన సింహాచలం తాపీమేస్త్రీ. క్వార్టర్లు కట్టే పనిమీద కార్ నికోబార్ వెళ్ళాడు. కెరటం వచ్చిన రోజు అక్కడే ఉన్నాడు. మనిషీ దొరకలేదు, శవమూ దొరకలేదు.

"బాబూ," అంది, "ఆ అద్దాల గదిలోంచి ఎన్నాళ్ళకి ఒగ్గుతారు?"

అందరూ నా వైపు తిరిగారు, నవ్వడానికి అప్పుడే పెదాలు సాగదీసి. నేను ఆమె మొహం చూశాను. అక్కడ నవ్వు లేదు. వేళాకోళం లేదు. నిజంగా అడుగుతోంది.

ఇదే నేను దాచింది. ఆమె నమ్మిందని నాకు తెలియదని ఎవరైనా అనుకోవచ్చు. తెలుసు. ఆ క్షణమే తెలుసు. "తప్పప్పా, ఊరికే అన్నాను," అంటే అయిపోయేది. కానీ అంతమంది ముందు, అంత గెలుపు మీద...

"అది రోగాన్ని బట్టప్పా," అన్నాను. "ఒక్కోడికి ఏళ్ళు కూడా పట్టేస్తాది."

"కాయితం ముక్కైనా రాయనియ్యరా?"

"అమ్మో! కాయితం మీద పురుగెక్కి వచ్చేస్తదని కలం కూడా లాక్కుంటారు."

పక్కవాడు పొలమారేలా నవ్వాడు. ఆమె కొంగు భుజం మీదికి లాక్కుంది.

"దుప్పటీ ఇస్తారా? ఆయనకి చలి పడదు."

"రెండిస్తారు," అన్నాను.

"పోన్లే," అంది. వెళ్ళిపోయింది.

ఆ తర్వాత సంగతులు నేను పెంచి చెప్పక్కర్లేదు. శవాలు దొరకనివాళ్ళంతా ఒడ్డున కూర్చుని, పేరు చెప్పి, కర్మ చేసుకున్నారు. నూకాలప్ప చెయ్యలేదు. "బతికున్నోడికి పిండం పెడతారేటి?" అని మరిదిని గుమ్మంలోంచే పంపేసింది. బొట్టు తియ్యలేదు. హాడోలో పెద్ద ఓడ ఆగిందని తెలిస్తే మంచి చీర కట్టుకుని గేటు దాకా వచ్చేది. రేవులో మా ఆఫీసు కిటికీలోంచి నేను చూసేవాణ్ణి. చూసి, కిటికీ వైపు వీపు తిప్పుకుని కూర్చునేవాణ్ణి. మనిషికి ఆశ ఉంటే మంచిదే కదా, నేను ఇచ్చింది ఆశే కదా అని నాకు నేను ఎన్నిసార్లు నచ్చచెప్పుకున్నానో! ఆశ ఇచ్చినవాడు ఎందుకు దాక్కోవాలి?

కొన్నేళ్ళకి ఆమె కూతురు కుమారి పెళ్ళి కుదిరింది. కన్యాదానానికి బాబాయి, పిన్ని కూర్చుంటారని అనుకున్నారు. ఆ మరిది పీటల దగ్గరే, "వదినా, నువ్వు కొంచెం వెనక్కి ఉండు, శుభకార్యం," అన్నాడు. అంతే. నూకాలప్ప అతన్ని లేవమంది. పందిట్లో నలుగురి మధ్యలోంచి వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"మా ఆయన బతికున్నాడని చెప్పినోడివి నువ్వొక్కడివే. ఆయనొచ్చే వరకూ ఆయన పీట నీదే బాబూ. రా."

నా భార్య పొంగిపోయింది. ఇద్దరం వెళ్ళి కూర్చున్నాం. సింహాచలం కూర్చోవలసిన పీట మీద, సింహాచలం కూతురి చెయ్యి పట్టుకుని, పెళ్ళికొడుకు చేతిలో పెట్టాను. నీళ్ళు పోశారు. అవి మోచేతి దాకా కారాయి. జీవితంలో ఎన్నో అబద్ధాలకి చప్పట్లు వచ్చాయి నాకు. ఆ రోజు ఆశీర్వచనాలు వచ్చాయి. పెళ్ళివారిని నవ్వించమంటే నవ్వించాను కూడా.

ఈమధ్య ఫోన్లో ఎవరో ఆ పాత రీలు పంపారు. అద్దం, అద్దం వెనక వాళ్ళు. నేను మొదటిసారి నోరు మూసుకుని చూశాను. ముగ్గురే ఉన్నారు. ఎన్నిసార్లు చూసినా ముగ్గురే. మర్నాడు పొద్దున్నే బ్రూక్షాబాద్ వెళ్ళాను.

వరండాలో కూర్చుని ఎండుచేపలు ఏరుతోంది. బొట్టు రూపాయంత. మోకాళ్ళు పనిచెయ్యడం లేదట. నేను నిలబడే చెప్పాను. ఆ గది చంద్రుడి మీదికి వెళ్ళొచ్చిన వాళ్ళకేనని, మనవాళ్ళెవరూ అందులో లేరని, ఆ మాట నేను పుట్టించానని, ఆమె అడిగినప్పుడే నమ్మిందని తెలిసి కూడా ఇంకా పెంచానని. ఒక్క జోకు వెయ్యలేదు. నాలుగు వాక్యాలకి ఎంతసేపు పట్టిందో.

తిడుతుందనుకున్నాను. చేతిలో చేపని చేటలో పెట్టింది. నా వైపు చూడలేదు.

"అయితే ఇన్నేళ్ళూ ఆయనకి ఎవులూ ఒక్క ముద్ద పెట్టనేదు," అంది.

గోడ పట్టుకుని లేచి లోపలికి వెళ్ళింది. కాసేపటికి బియ్యం కడుగుతున్న చప్పుడు వినిపించింది. నన్ను రమ్మనలేదు, పొమ్మనలేదు. వంటింట్లోంచి పొగ రావడం మొదలయ్యే వరకూ గుమ్మం బయటే నిలబడి ఉన్నాను. తర్వాత వచ్చేశాను.

క్షమించిందో లేదో నాకు తెలియదు. అడిగే మొహం లేదు. ఆమెకి చెప్పాను, ఇప్పుడు మీకు చెప్పాను. ఇందులో ఏదీ పెంచలేదు.